మూడు గట్ల మూత

ఆగస్టు 26, సోమవారం

మళ్ళీ పదకొండు ఈ-సిగరెట్లు వాపసు వచ్చాయి. పోయిన వారం నాలుగు. అన్నీ ఛార్జింగ్ రకమే, అన్నీ అడుగున నల్లబడినవే. ఒకదానికి అడుగు మూత ఊడిపోయి, లోపలి బ్యాటరీ చిట్లి, గొట్టం మొత్తం కరిగి వంకరపోయింది. దానితోపాటు ఒక ఫోటో కూడా పంపారు. ఎవరో లారీ డ్రైవరు తొడ. పాంటు జేబులో ఉండగానే అంటుకుందట. అరచెయ్యంత మేర చర్మం లేదు.

ఫోటో చూసి మా యజమాని ఔయాంగ్ అన్న మొదటి మాట, “బ్యాటరీ.”

నేనూ అదే అన్నాను. ఎవరిని అడిగినా అదే అంటారు. కాలింది బ్యాటరీ. మూత దానంతటది కాలదు కదా.

పదిహేనేళ్ళుగా ఈ షాజింగ్‌లో ఈ-సిగరెట్లకి డిజైన్ బొమ్మలు గీస్తున్నాను. గొట్టం నాది, పీల్చే మొన నాది, అడుగు మూత నాది. బ్యాటరీ మాత్రం నాది కాదు. అది పాంగ్ అన్న ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. ఈ సంగతి ఇవాళ పొద్దుటి నుంచి నాకు నేనే నాలుగు సార్లు చెప్పుకున్నాను. ఎందుకు చెప్పుకుంటున్నానో తెలియదు.

ఆగస్టు 28

కూర్పు లైన్ చూసుకునే కాయ్‌హోంగ్ మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చి, అడక్కుండానే అరచెయ్యి చాపింది.

“చూడక్కా. నీ మూతలు నొక్కీ నొక్కీ ఇది చెయ్యా, గుర్రం డెక్కా?”

“రబ్బరు సుత్తులు ఇచ్చాం కదా.”

“సుత్తితో కొడితే గంటకి నాలుగొందలు. అరచేత్తో గుద్దితే ఏడొందలు. ఔయాంగ్ సారుకి ఏడొందలు కావాలి. నువ్వొచ్చి కొట్టు సుత్తితో.”

“కొత్త మూత బిగువుగానే ఉంటుంది. వదులైతే లోపల బ్యాటరీ గలగలమంటుంది.”

“అంటే మాకేంటి? మేమేమన్నా చెవిలో పెట్టుకుంటామా దాన్ని?”

చెవి దగ్గర పెట్టుకునేది కొనేవాళ్ళు. ఈ వ్యాపారంలో అదొక అలవాటు. రుచి అడగరు, పొగ చూడరు. ముందు గొట్టాన్ని చెవి పక్కన పెట్టుకుని, పుచ్చకాయ తట్టి చూసినట్టు రెండు సార్లు ఊపుతారు. లోపల ఏదైనా కదిలినట్టు వినిపిస్తే చౌక సరుకని లెక్క. పోయిన వసంతంలో ఒక పెద్ద కొనుగోలుదారు మా గొట్టాన్ని అలాగే ఊపి, మాట్లాడకుండా బల్లమీద పెట్టేసి, పక్క దుకాణంలోకి వెళ్ళాడు. ఔయాంగ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మర్నాడు ఒక్క మధ్యాహ్నంలో మూతలోపల మూడు సన్నటి గట్లు పెట్టాను. బ్యాటరీ అడుగు భాగాన్ని మూడు వైపుల నుంచీ పట్టుకునే గట్లు. ఇక ఎంత ఊపినా చప్పుడు లేదు. ఔయాంగ్ వచ్చినవాళ్ళందరి చెవి దగ్గరా ఊపి, “వినబడిందా? లేదు కదా. మా లువో పని,” అని నెల్లాళ్ళు మురిసిపోయాడు. నోటీసు బోర్డులో ఎర్ర పువ్వు కింద నా ఫోటో కూడా పెట్టారు. ఫోటో బాగా రాలేదు.

ఈ కాయ్‌హోంగ్‌కి ప్రతిదానికీ ఫిర్యాదే.

ఆగస్టు 30

పాంగ్ అన్న హుయిజౌ నుంచి వచ్చాడు. రెండు బస్సులు మారి, చొక్కా తడిసిపోయి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నేను హునాన్ నుంచి వచ్చిన కొత్తలో ఒకే షెడ్డులో పనిచేశాం. మందం కొలిచే వెర్నియర్ పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. తరవాత నలభై మందితో సొంతంగా బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు.

అరుస్తాడేమో అనుకున్నాను. అరిస్తే నేనేం అరవాలో కూడా అనుకుని ఉంచుకున్నాను. ఆయన అరవలేదు. సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి నా బల్లమీద పెట్టాడు.

“ఇరవై ఉన్నాయి చెల్లెమ్మా. మూడు వందల సార్లు ఛార్జి ఎక్కించి దించినవి. తీరిక ఉన్నప్పుడు నీ మూతలోకి దూర్చి చూడు.”

“ఎందుకన్నా?”

“ఊరికే. చూడు.”

అంతే. టీ తాగాడు, ఎండ గురించి మాట్లాడాడు, వెళ్ళిపోయాడు. ఈ మనిషితో వచ్చిన చిక్కే ఇది. తిడితే తిరిగి తిట్టొచ్చు.

సెప్టెంబరు 2

తీరిక లేదు.

సెప్టెంబరు 3

వెర్నియర్‌లో బ్యాటరీ అయిపోయింది. నాకే నవ్వొచ్చింది. రేపు చూడాలి.

సెప్టెంబరు 4

తీరిక లేదు. మామిడి రుచి గొట్టానికి రంగు మార్చమన్నారు. దానికోసం మూడు మీటింగులు.

సెప్టెంబరు 6

తుఫాను హెచ్చరిక. సగం రోజు పని ఆపేశారు. గది దగ్గర కూర్చుని నూడుల్స్‌లో మిరపకాయలు దంచి వేసుకుని కన్నీళ్ళొచ్చేదాకా తిన్నాను. ఇక్కడివాళ్ళ వంటలో కారమే ఉండదు. పదిహేనేళ్ళయినా నా నాలుక ఒప్పుకోలేదు.

ఆ అట్టపెట్టె ఆఫీసులోనే ఉంది. దానిమీద టీ గ్లాసు పెట్టుకుంటున్నాను.

సెప్టెంబరు 9

చూశాను. ఇరవైలో ఒకటి దూరలేదు.

ఒకటి అంటే లెక్కలోకి రాదు. ఏ సరుకులోనైనా ఒకటి అటూ ఇటూ ఉంటుంది. పైగా మూడు వందల సార్లు ఛార్జి చేసిన బ్యాటరీని కొత్త మూతలోకి ఎవరు దూరుస్తారు? నిజ జీవితంలో మూతా బ్యాటరీతోపాటే పాతబడుతుంది. ఈ పరీక్షే తప్పు. ఈ మాట పాంగ్ అన్నకి ఫోను చేసి చెబుదామనుకున్నాను. చెయ్యలేదు.

సెప్టెంబరు 10

ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో తేలడం లేదు.

కొనుగోలుదారు తప్పు కాగితం అడిగాడు. ఈ ఊళ్ళో సరుకు చెడితే, ఆ భాగం అమ్మినవాడు తను ఎక్కడ పొరపాటు చేశాడో, మళ్ళీ చెయ్యకుండా ఏం చేస్తాడో, ఎనిమిది గళ్ళ కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఎప్పుడూ చిన్నవాడే రాస్తాడు. పెద్దవాడు రాయగా నేను చూడలేదు.

పాంగ్ అన్నని పిలిపించారు. పెద్ద బల్లకి ఒక పక్క ఆయన, ఇంకో పక్క ఔయాంగ్, నేను. కరిగిన గొట్టం బల్ల మధ్యలో ఉంది.

ఆయన నావైపు ఒక్కసారే చూశాడు. “ఇంజనీరమ్మ ఆ ఇరవై చూశారా?”

“చూశానన్నా.”

“ఏమంటారు?”

“అన్నీ కొలవడం ఇంకా కాలేదు,” అని నీళ్ళు నమిలాను.

ఆయన తల ఊపాడు. ఔయాంగ్ కుర్చీ దగ్గరికి జరుపుకుని మెత్తగా మొదలుపెట్టాడు.

“చూడు పాంగ్, ఇదంతా ఆ విదేశీ కొనుగోలుదారు నోరు మూయించడానికే. మూడు నెలలు పక్కన ఉండు. ఈలోపు వేరేవాడి బ్యాటరీ పెట్టి పంపిస్తా. కొత్త సంవత్సరంలో వచ్చే రకం మొత్తం నీకే. నా మాట.”

“మీ మాట సరే. నలభై మంది ఉన్నారండీ నా దగ్గర.”

“అందుకే చెబుతున్నా. రాయకపోతే ఆ నలభై మందికి మూడు నెలలు కాదు, ముప్ఫై ఏళ్ళు సెలవే.”

పాంగ్ అన్న గళ్ళ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తరవాత కలం మూత తీశాడు.

“ఏం రాయాలో మీరే చెప్పండి. నా దస్తూరి బాగోదు, నెమ్మదిగా చెప్పండి.”

ఔయాంగ్ చెప్పాడు, ఆయన రాశాడు. బ్యాటరీ తొడుగు మడత సరిగ్గా అతకలేదు. తనిఖీలో లోపం. ఇకమీదట జాగ్రత్త. నేను పక్కన కూర్చుని, అతకలేదు అనే మాటలో ఒక గీత మరిచిపోతే వేలితో చూపించాను. అంతవరకూ చేశాను.

సెప్టెంబరు 11

నాలుగు. ఇరవైలో నాలుగు దూరలేదు. మొన్న ఒకటి అని రాశాను. లెక్కలో పొరపాటు.

సెప్టెంబరు 13

చంద్రుడి పండగకి ఇంకా నాలుగు రోజులుంది, అప్పుడే మూన్‌కేకుల పెట్టెలు మొదలయ్యాయి. అచ్చులవాళ్ళు, రంగులవాళ్ళు, అట్టపెట్టెలవాళ్ళు, అందరూ పంపుతారు. సాయంత్రం ఇంకో పెట్టె వచ్చింది. తామరగింజల ముద్ద, మధ్యలో రెండు గుడ్డు సొనలు. పదేళ్ళుగా ప్రతి ఏడూ పంపే రకమే. పాంగ్ అన్న ఈ ఏడు కూడా పంపాడు.

తీసుకెళ్ళి లైనులో ఆడవాళ్ళకి ఇచ్చేశాను. కాయ్‌హోంగ్ కత్తితో ఎనిమిది ముక్కలు కోసి, ఒకటి నా ముందు పెట్టింది.

“ముందు నువ్వు తినక్కా. విషం కలిపాడేమో తేలిపోతుంది.”

“నాకు తీపి పడదు.”

“పోయినేడు రెండు తిన్నావు.” తను నోట్లో వేసుకుని నమిలింది. “నిజంగా ఆయన తప్పేనంటావా?”

“కాగితం మీద రాసిచ్చాడుగా.”

“కాగితం మీద నా వయసు ముప్ఫై రెండు,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సెప్టెంబరు 17

పండగ. మబ్బు. చంద్రుడు కనబడలేదు.

సెప్టెంబరు 19

ఇవాళ నిజం రాస్తాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు, అయినా ఇందులో కూడా అబద్ధాలే రాసుకుంటూ వచ్చాను. ఇంత సిగ్గు లేనిదాన్నని నాకే తెలియదు.

పధ్నాలుగు. ఇరవైలో పధ్నాలుగు.

దూరలేదు అని కూడా కాదు. దూరాయి. కాయ్‌హోంగ్ వాళ్ళలాగా అరచేత్తో గుద్దితే దూరాయి. గుద్దినప్పుడు కాగితం చిరిగినట్టు చిన్న చప్పుడు వచ్చింది. మూత పగలగొట్టి చూస్తే బ్యాటరీ తొడుగు మీద, అడుగున, మూడు గీతలు. పిల్లి గోరు గీసినట్టు. రెండింటికి తొడుగు తెగి లోపలి వెండి రేకు కనబడింది. ఇదంతా తొమ్మిదో తారీకునే చూశాను. ఆ రోజే.

వెర్నియర్ చూపించింది ఇది. కొత్త బ్యాటరీ లావు 13.3 మిల్లీమీటర్లు. నా గట్ల మధ్య జాగా 13.4. మూడు వందల ఛార్జింగుల తరవాత అదే బ్యాటరీ 13.7. బ్యాటరీ వాడేకొద్దీ ఉబ్బుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు, ఈ వీధిలో ఎవరికీ తెలియని సంగతి కాదు. కానీ మేమంతా పీల్చి పారేసే రకాలు చేసి చేసి అలవాటుపడ్డవాళ్ళం. అది నాలుగు రోజుల్లో చెత్తబుట్టలో పడేది, దానికి ముసలితనమే లేదు. కొత్త బ్యాటరీని కొలిచి మూత గీస్తే చాలేది. ఇప్పుడు ఛార్జింగ్ పెట్టుకుని, ద్రవం నింపుకుని ఏడాది వాడే రకం వచ్చింది. మూత బొమ్మ మాత్రం పాతదే తీసి, గట్లు పెట్టి, పైన పేరు మార్చాను. కొలిచింది కొత్త బ్యాటరీనే. పాతదాన్ని కొలవాలని నాకు తోచలేదు.

డ్రైవరు జేబులో జరిగింది ఇప్పుడు నాకు కళ్ళకి కట్టినట్టు తెలుస్తోంది. బ్యాటరీ ఉబ్బింది. గట్లు కోశాయి. గాలి పోవడానికి మూతలో పెట్టిన రంధ్రాన్ని ఉబ్బిన అడుగే వెళ్ళి మూసేసింది. అతను గేరు వేశాడు, లేదా కిందికి దిగాడు, ఏదో ఒకటి.

ఇన్నాళ్ళకి ఇవాళ ఎందుకు రాస్తున్నానో అదీ రాయాలి. కొత్తగా తెచ్చిన బ్యాటరీల కాగితాలు నా దగ్గరికి సంతకానికి వచ్చాయి. నాలుగో పేజీ ఎవరూ తిప్పరు. నేను తిప్పాను. మూడు వందల ఛార్జింగుల తరవాత లావు 13.8 అని వాళ్ళే రాసుకున్నారు. పాంగ్ అన్నవాటికన్నా ఎక్కువ. ఆ బ్యాటరీలతో, నా గట్లతో, నలభై ఆరు వేల గొట్టాలు గోదాంలో పేర్చి ఉన్నాయి. ఇరవై ఎనిమిదిన ఓడకి వెళ్ళాలి.

పాంగ్ అన్న తల వంచుకుని రాసిచ్చిన కాగితం వల్ల ఒక్క జేబు కూడా చల్లబడదు.

సెప్టెంబరు 20

ఔయాంగ్‌కి చెప్పాను. తలుపు వేసి చెప్పాను. రెండు బ్యాటరీలు, రెండు మూతలు బల్లమీద పెట్టి చూపించాను. అతను మూర్ఖుడు కాదు. గీతలు చూడగానే అర్థమైపోయింది, ముఖంలో తెలిసింది.

“ఇంకెవరికి చెప్పావు?”

“ఎవరికీ లేదు సార్.”

“మంచిది. నాకు కూడా వినబడలేదు.” మూతలు రెండూ సొరుగులో వేసేశాడు. “అచ్చులో ఆ గట్లు రుద్దించెయ్. అక్టోబరు సెలవులు కాగానే. తరవాతి సరుకు నుంచి ఉండవు. ఎందుకు తీశావని అడిగేవాడెవడూ లేడు.”

“గోదాంలో ఉన్నవి?”

“వెళ్ళిపోనీ.”

“నలభై ఆరు వేల జేబులు సార్.”

“అన్నీ కాలతాయా? నూటికి ఒకడైనా మూడు వందల సార్లు ఛార్జి పెడతాడా? మధ్యలో పారేసుకుంటారు, విరగ్గొట్టుకుంటారు.” గొంతు తగ్గించాడు. “లువో, నీకు నలభై మూడేళ్ళు. ఈ ఊళ్ళో ముప్ఫై అయిదు దాటినవాళ్ళని ఎవడు తీసుకుంటున్నాడు? నీ ఫోటో ఇంకా బోర్డు మీదే ఉంది. నేను తీయించలేదు. నువ్వూ పీక్కోకు.”

బెదిరించాడనే అనుకోవాలి. కానీ ఆ మాట చెప్పేటప్పుడు నా గ్లాసులో వేడినీళ్ళు పోశాడు. అందుకే సరిగ్గా కోపం కూడా రాలేదు.

సెప్టెంబరు 22

ఏమీ చెయ్యలేదు.

సెప్టెంబరు 23

ఏమీ చెయ్యలేదు. పాంగ్ అన్నకి రెండు సార్లు ఫోను కలిపి, మోగకముందే పెట్టేశాను. మొహం చెల్లలేదు.

సెప్టెంబరు 24

కొనుగోలుదారు నుంచి కబురు. డ్రైవరుకి రెండోసారి ఆపరేషన్ చేసి, వీపు మీది చర్మం తీసి తొడకి వేశారట. తప్పు కాగితం అందింది, తృప్తిగా ఉంది అని రాశారు. తృప్తిగా ఉందట.

సెప్టెంబరు 26, గురువారం

చేసేశాను.

మా దగ్గర ఏ సరుకు బయటికి వెళ్ళాలన్నా గోదాంలో ముద్ర నమూనా ఉండాలి. ఒక్క గొట్టాన్ని సంచిలో వేసి, మూతి అతికించి, గీసినవాళ్ళు దానిమీద సంతకం పెట్టి తేదీ వేస్తారు. లారీ ఎక్కే ముందు గోదాం పెద్దాయన సరుకులోంచి కొన్ని తీసి ఆ నమూనా పక్కన పెట్టి చూస్తాడు. ఔయాంగ్ వచ్చి నిలబడినా సరే, నమూనా లేకుండా ఆయన తలుపు తియ్యడు. మంచివాడని కాదు, ఒకసారి తీసి జీతం పోగొట్టుకున్నాడు.

ఆ సంచి అడిగి తీసుకున్నాను. నా సంతకం ఎంత గర్వంగా ఉందో, తోక సాగదీసి మరీ పెట్టాను. దానిమీద ఎర్ర కలంతో అడ్డంగా గీత కొట్టాను. పక్కన ‘రద్దు’ అని రాసి, ఇవాళ్టి తేదీ వేసి, మళ్ళీ సంతకం పెట్టాను. కింద కారణం రాసే జాగా ఉంది. ‘మూతలోని గట్లు ఉబ్బిన బ్యాటరీని కోస్తున్నాయి. పాంగ్ బ్యాటరీలో లోపం లేదు. మూత గీసింది నేను.’

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని రెండు సార్లు చదివాడు.

“ఇదేంటమ్మా, లారీలు ఎల్లుండి వస్తుంటే.”

“అందుకే ఇవాళ కొట్టాను.”

“పై సారుకి తెలుసా?”

“మీరు చెబితే తెలుస్తుంది.”

ఆయన చెప్పాడు. కొనుగోలుదారు తరఫున సరుకు చూడ్డానికి వచ్చినవాడికి కూడా, అడిగితే, సంచి చూపించాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఔయాంగ్ అరగంట అరిచాడు. లైన్ మొత్తం యంత్రాలు ఆపి విన్నది. నన్ను మాత్రం తియ్యలేదు. కొత్త అచ్చు గీయడానికి మనిషి కావాలి కదా. “నీ బదులు ఒకడు దొరికేదాకా,” అన్నాడు. సాయంత్రానికి బోర్డు మీద నా ఫోటో ఉన్నచోట నాలుగు పిన్నుల గుర్తులున్నాయి.

భయంగా ఉంది. కానీ చాలా రోజుల తరవాత ఆకలి కూడా వేసింది.

సెప్టెంబరు 27

హుయిజౌ వెళ్ళాను. రెండు బస్సులు.

పాంగ్ అన్న కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడని, నా చేతులు పట్టుకుంటాడని అనుకున్నాను. నిజం రాస్తానన్నాను కదా, సరిగ్గా అలాగే అనుకున్నాను. దారంతా అదే ఊహించుకుంటూ కూర్చున్నాను.

షెడ్డులో ఆరు యంత్రాలుంటే రెండే తిరుగుతున్నాయి. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“రండి లువో గారూ. కూర్చోండి.”

నన్ను ఆయన ఎప్పుడూ గారూ అనలేదు. నేను నిలబడే చెప్పాను, సంచి సంగతి, గీతల సంగతి, అంతా. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

“నేను పెట్టె ఇచ్చింది ఎప్పుడండీ?”

“ఆగస్టు ముప్ఫై.”

“ఎప్పుడు చూశారు?”

“తొమ్మిదో తారీకు.”

“మీటింగు పదిన.”

ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

“పదిన ఒక్క మాట అంటే మీకు దణ్ణం పెట్టేవాణ్ణి. నేను రాసిచ్చిన కాగితం ఈ ఊరంతా తిరిగింది. నా దగ్గర కొనే ఇంకో ఇద్దరు దాన్ని చూసి మానేశారు. ఔయాంగ్ మాటిచ్చాడు, కొత్త రకం నాదే అన్నాడు, దానికోసం ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు అతని పరువు పోయింది, ఆ మాటా పోయింది. నా బ్యాటరీ మంచిదేనని రేపు నేను చెబితే ఎవడు నమ్ముతాడు? చెడ్డదని నా చేత్తోనే రాశాను. చెయ్యని తప్పు రాసిచ్చినవాడు ఏదైనా రాస్తాడంటారు. నిజమే అంటారు.”

“అన్నా, నేను...”

“అడిగానా మిమ్మల్ని? చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీ గుండె తేలికైంది. మంచిది. వెళ్ళిరండి.”

గేటుదాకా కూడా రాలేదు.

తిరుగు బస్సులో ముందు ఏడ్చాను, తరవాత ఆయన మీద కోపమొచ్చింది. నోరు విప్పి అనొచ్చు కదా ముప్ఫైన. నీ గట్లు నా బ్యాటరీని కోస్తున్నాయి అని. అయిదు మాటలు. ఊరికే చూడు అంటాడా? నలుగురిలో నా పరువు కాపాడాలని పెట్టె చేతిలో పెట్టి వెళ్ళాడు, నేనే చూసి నేనే చెబుతానని నమ్మాడు. ఎవడు నమ్మమన్నాడు? నలభై మంది తిండి మీద పందెం పెట్టి నన్ను నమ్మడమేమిటి?

ఇలా తిట్టుకుంటూ దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు ముందుకెళ్ళిపోయాను.

సెప్టెంబరు 30, సోమవారం

విప్పుడు పని మొదలైంది. మూత ఒకసారి కొట్టాక తిరిగి రాకుండా గీసిన తల్లిని నేనే. ఒక్కొక్కటీ పగలగొట్టాల్సిందే. ముందు, వాపసులు మొదలయ్యాక ఆపి ఉంచిన పాత సరుకు విప్పుతున్నాం, పద్దెనిమిది వేలు. వాటిలో ఉన్నవి పాంగ్ అన్న బ్యాటరీలు. కొత్తవి, ఒక్కసారి కూడా వాడనివి. ఆయనవి ఆయనకి తిరిగి ఇవ్వాలి.

కాయ్‌హోంగ్ పటకారు విసిరికొట్టింది. “మూసేటప్పుడు గంటకి ఏడొందలు. విప్పేటప్పుడు అరవై. అక్కా, నువ్వు ఏ జన్మలోనో తాళాలు చేసుంటావు.”

పదింటికి పాంగ్ అన్న వచ్చాడు. ఖాళీ తట్టలు మోసుకుని ఒక్కడే. ఎవరితోనూ మాట్లాడకుండా లైన్ పక్కన నిలబడి చూశాడు. కాయ్‌హోంగ్ చేతిలోంచి పటకారు తీసుకుని పక్కన పెట్టాడు.

“ఇనుముతో వద్దమ్మా, పొడుచుకుంటుంది. ఉన్నవైనా మంచిగా ఉండనివ్వండి.”

జేబులోంచి వెదురు పుల్ల తీశాడు, చదునుగా చెక్కింది. మూత అంచు కింద దూర్చి, బొటనవేలితో తిప్పాడు. మూత టక్కుమని ఊడింది. బ్యాటరీ గీత పడకుండా చేతిలోకి వచ్చింది. అలాంటి పుల్లలు ఒక కట్ట తెచ్చాడు. తలా ఒకటి ఇచ్చాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆగి, ఒకటి బల్లమీద పెట్టి, ఎదుటి స్టూలు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాకా విప్పాం. ఆయన మూడు విప్పేలోపు నేను ఒకటి. నా గోళ్ళు రెండు విరిగాయి. భోజనానికి అందరూ లేచారు. ఆయన లేవలేదు, నేనూ లేవలేదు. ఔయాంగ్ ఒకసారి గాజు తలుపు దాకా వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళాడు.

రెండింటికి ఆయన తల ఎత్తకుండా అడిగాడు.

“కొత్త అచ్చు గీశారా?”

“గీస్తున్నానన్నా. గట్లు తీసేశాను. మెత్తటి రబ్బరు చక్రం వేస్తున్నాను.”

“చుట్టూ ఖాళీ ఎంత?”

“అరమిల్లీమీటరు. మీ బ్యాటరీ పాయింటు నాలుగు ఉబ్బింది. పాయింటు అయిదు వదిలితే చాలు.”

ఆయన చేతిలో ఉన్న బ్యాటరీని వేళ్ళ మధ్య ఒకసారి దొర్లించి, గీతల కోసం వెలుగులో చూసి, తట్టలో పెట్టాడు.

“ఎనిమిది వదులు.”

“ఎందుకన్నా? లెక్క ప్రకారం...”

“అయిదు నా బ్యాటరీకి చాలు. ఇకమీదట నీకు అన్నీ నావే వస్తాయా?”

కాగితం కనబడక, చేతి మీదే ఎనిమిది అని రాసుకున్నాను. ఆయన ఇంకో గొట్టం తీసుకున్నాడు. నా ముందున్న తట్టలో ఇంకా రెండు వందలు పైనే ఉన్నాయి. పుల్ల తీసుకుని విప్పుతూ కూర్చున్నాను.